‘లీజియన్’ నుంచి ‘ది ఎక్సార్సిస్ట్ 3’ వరకు: ఒక భయానక సీక్వెల్‌పై ప్రేక్షకుల తీర్పు

ఒక నవల ఆధారంగా తీసిన భయానక చిత్రం ఘనవిజయం పొంది, కొన్నేళ్లకు అదే రచయిత ఆ కథను పొడిగిస్తూ మరో నవల రాసి, ఆ రెండో నవల కూడా తెరకెక్కినప్పుడు, ఆ సీక్వెల్‌కు, అంటే కొనసాగింపు చిత్రానికి, రెండు వేర్వేరు మూలాలు ఏర్పడతాయి. రచయిత తన మొదటి నవల ఎక్కడ ముగిసిందో అక్కడి నుంచి కథ అందుకుంటాడు. థియేటర్‌కు వచ్చే జనంలో ఎక్కువమంది ఆ నవల చదివినవారు కారు కనుక, మొదటి సినిమా తమకు చూపించినదాన్నే అసలు కథగా మనసులో పెట్టుకుని వస్తారు. ఈ రెండింటి మధ్య ఎడం తక్కువగా ఉంటే సీక్వెల్ నెగ్గుకొస్తుంది. ఎడం పెరిగితే ఎంత శ్రద్ధగా తీసిన చిత్రమైనా జనానికి సంబంధం లేని కథలా కనిపిస్తుంది. విలియం పీటర్ బ్లాటీ 1983లో ప్రచురించిన ‘లీజియన్’ నవల, 1990 ఆగస్టు 17న అమెరికాలో ‘ది ఎక్సార్సిస్ట్ 3’ అనే పేరుతో చిత్రంగా విడుదలైన క్రమం, ఆ చిత్రంపై ప్రేక్షకుల అభిప్రాయం తరువాతి పాతికేళ్లలో మారిన తీరు, ఈ ఎడం ఎంత పని చేస్తుందో చాలా స్పష్టంగా చూపిస్తాయి.

బ్లాటీ 1949లో వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్నప్పుడు, మేరీల్యాండ్‌కు చెందిన 14 ఏళ్ల బాలుడికి పట్టిన దయ్యాన్ని కతోలిక గురువులు వెళ్లగొట్టారన్న వార్త ‘వాషింగ్టన్ పోస్ట్’ పత్రికలో వచ్చింది. ఎక్సార్సిజం అని పిలిచే ఈ క్రతువుకు కతోలిక సభలో నిర్దిష్టమైన ప్రార్థనా విధానం, అధికారిక అనుమతి ఉంటాయి. తెలుగులో దీన్ని ఉచ్చాటన అనవచ్చు. ఆ వార్తను రెండు దశాబ్దాలు మనసులో మోసిన బ్లాటీ, బాలుడి స్థానంలో రీగన్ అనే 11 ఏళ్ల బాలికను పెట్టి, 1971లో ‘ది ఎక్సార్సిస్ట్’ నవల వెలువరించాడు. విలియం ఫ్రీడ్‌కిన్ దర్శకత్వంలో వార్నర్ బ్రదర్స్ సంస్థ నిర్మించిన చిత్రం 1973 డిసెంబరు 26న విడుదలైంది. చలిలో గంటల తరబడి క్యూలలో నిలబడిన జనం, ఆట మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయినవారు, హాల్లోనే స్పృహ తప్పినవారు, వీరి గురించి ఆనాటి పత్రికలు వారాల తరబడి రాశాయి. 10 ఆస్కార్ నామినేషన్లలో రెండు పురస్కారాలు దక్కగా, అందులో ఒకటి తన నవలనే స్క్రీన్‌ప్లేగా మలిచిన బ్లాటీకి లభించింది.

ఆ చిత్రం నుంచి జనం ఇంటికి మోసుకెళ్లినవి వెనక్కి తిరిగే తల, ఊగే మంచం, పసిపిల్ల నోట మొరటు మగగొంతు, చివరికి జార్జ్‌టౌన్ మెట్ల మీద నుంచి దొర్లిపడి ప్రాణం విడిచే, ఉచ్చాటన జరిపిన గురువు ఫాదర్ కారస్. నవలలో మాత్రం వీటికి సమానమైన చోటు మరొకరికి ఉంది. హత్యానేరాన్ని పరిశోధించే లెఫ్టినెంట్ కిండర్‌మన్, వయసు మళ్లిన యూదు పోలీసు అధికారి, సంబంధం లేని కబుర్లతో మొదలుపెట్టి మెల్లగా నిజం రాబట్టే మనిషి, నవల పొడవునా తిరుగుతాడు. కారస్ మరణం తరువాత అతని స్నేహితుడైన ఫాదర్ డయర్‌తో కిండర్‌మన్‌కు స్నేహం మొగ్గ తొడగడంతోనే నవల ముగుస్తుంది. లీ జె. కాబ్ నటించిన ఈ పాత్ర సినిమాలో బాగా కుదించుకుపోయింది. ఇద్దరి స్నేహానికి నాంది పలికే చివరి సన్నివేశాన్ని చిత్రీకరించి కూడా ఫ్రీడ్‌కిన్ కత్తిరించాడు. 1973లో సినిమా చూసినవారికి మిగిలింది ఆ మెట్ల దగ్గర ఒంటరిగా నిలబడ్డ డయర్ మాత్రమే. ఆ సన్నివేశం 2000లో విడుదలైన పొడిగించిన ప్రతిలో గాని థియేటర్ ప్రేక్షకుల కంటపడలేదు. రెండో నవలకు పునాది రాయి అయిన స్నేహం, మొదటి సినిమా ప్రేక్షకులకు దశాబ్దాలపాటు తెలియకుండా ఉండిపోయిందన్న ఈ వాస్తవాన్ని గుర్తుంచుకుంటేనే 1990 నాటి తీర్పు అర్థమవుతుంది.

బ్లాటీ రెండో నవల రాయకముందే వార్నర్ సంస్థ తన సొంత దారిలో ఒక సీక్వెల్ తీసింది. జాన్ బూర్మన్ దర్శకత్వం వహించిన ‘ఎక్సార్సిస్ట్ 2: ది హెరెటిక్’ 1977 జూన్ 17న విడుదలైంది. దీనికి నవల ఆధారం లేదు. బ్లాటీకి గాని ఫ్రీడ్‌కిన్‌కు గాని ఇందులో పాత్ర లేదు. రిచర్డ్ బర్టన్ వంటి మహానటుడు గురువుగా నటించినా, మిడతల దండు, ఆఫ్రికా ప్రయాణం, ఇద్దరి మనసులను ఒకటిగా కలిపే యంత్రం చుట్టూ తిరిగిన ఈ కథను చూసి, భయపడటానికి వచ్చిన జనం పగలబడి నవ్వారు. నవ్వుల వార్త అందగానే బూర్మన్ విడుదలైన చిత్రాన్నే మళ్లీ కత్తిరించి కొత్త రీళ్లు పంపాడు. విమర్శకురాలు పాలిన్ కేల్, దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ వంటి కొద్దిమంది ఈ చిత్రంలో అందం చూశారు గాని, హాల్లో మొదలైన నవ్వును వారి మెప్పు ఆపలేకపోయింది. తెలుగు సినిమా వ్యాపారంలో మొదటి రోజు మొదటి ఆట నుంచి బయటికి వచ్చే జనాభిప్రాయాన్ని టాక్ అంటారు. ఒక చిత్రాన్ని ఆ టాక్ ఎంత త్వరగా కూల్చగలదో హాలీవుడ్‌కు తెలియజెప్పిన సందర్భాల్లో ఇది ముఖ్యమైనది. ఇక ఎక్సార్సిస్ట్ అనే పేరు పక్కన అంకె కనిపిస్తే జనం అనుమానంతో చూడటం సహజమైపోయింది.

ఇటువంటి నేపథ్యంలో వచ్చిన ‘లీజియన్’ నవల పేరు మార్కు సువార్త ఐదో అధ్యాయం నుంచి తీసుకున్నది. సమాధుల మధ్య తిరిగే దయ్యం పట్టిన మనిషిని యేసు పేరు అడిగినప్పుడు వాడు చెప్పే పేరు అది. రోమన్ సైన్యంలో వేల మంది భటులున్న దళాన్ని లీజియన్ అనేవారు. తెలుగు బైబిల్ చదివేవారికి ఈ మాట ‘సేన’గా పరిచయం. ఒక దేహంలో అనేకులు అన్న అర్థం నవల కథకు నేరుగా సరిపోతుంది. ఏళ్ల క్రితమే మరణించిన జెమినై అనే హంతకుడి పద్ధతిలోనే జార్జ్‌టౌన్‌లో మళ్లీ హత్యలు మొదలవుతాయి: మొదట ఒక 12 ఏళ్ల బాలుడు, తరువాత పాపసంకీర్తనం వినే గదిలో ఒక గురువు, తరువాత ఆసుపత్రి పడక మీద సాక్షాత్తూ ఫాదర్ డయర్. నేరం చేయకపోయినా చేశామని చెప్పుకుంటూ వచ్చేవారిని ఏరివేయడానికి, హంతకుడు ఏ వేలు నరికేవాడన్న వివరాన్ని పోలీసులు ఆ రోజుల్లో పత్రికలకు తప్పుగా ఇచ్చి ఉంటారు. కొత్త హత్యల్లో తెగింది పత్రికలు రాసిన వేలు కాదు, పోలీసులకు మాత్రమే తెలిసిన వేలు. కిండర్‌మన్ పరిశోధన చివరికి మానసిక రోగుల వార్డులో బంధించిన ఒక పేరు తెలియని రోగి గది ముందు ఆగుతుంది; ఆ రోగి ముఖం ఏళ్ల కిందట మెట్ల మీద చనిపోయిన కారస్ ముఖం.

జెమినై పాత్రకు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాన్ని 1960ల చివర వణికించిన, ఇప్పటికీ ఎవరో తేలని జోడియాక్ హంతకుడు ప్రేరణ. 1974 జనవరిలో ఆ హంతకుడు ‘శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్’ పత్రికకు పంపిన ఉత్తరంలో ‘ది ఎక్సార్సిస్ట్’ చిత్రాన్ని ఒక వ్యంగ్య హాస్య చిత్రంగా మెచ్చుకున్నాడు. సినిమాను చూసి అసలు హంతకుడొకడు అభిప్రాయం రాసి పంపడం, ఆ హంతకుడి నీడనే రచయిత తన తరువాతి నవలలో పాత్రగా నిలబెట్టడం, ప్రేక్షకాభిప్రాయాల చరిత్రలో చాలా అరుదైన విచిత్రం.

అయితే ‘లీజియన్’ను హంతకుడి కథగా మాత్రమే చదివితే సగం పోతుంది. నవలలో కిండర్‌మన్ ఎక్కువగా ఆలోచించేది హంతకుడి గురించి కంటే బాధ గురించి: పసిపిల్లలకు జబ్బులు ఎందుకు, ప్రకృతిలో ఇంత క్రూరత్వం ఎందుకు, దేవుడు మంచివాడైతే ఈ లోకం ఇలా ఎందుకు ఉంది అన్న ప్రశ్నలు అతన్ని నిద్రపోనివ్వవు. విశ్వం పుట్టుకే పతనమైన దేవదూత ముక్కలై చెదిరిపోవడమనీ, పరిణామక్రమం అంతా ఆ దూత తిరిగి వెలుగు వైపు నడిచే దారి అనీ అతను చివరికి ఒక ఊహకు వస్తాడు. ఈ భారాన్ని మోయడానికి బ్లాటీ హాస్యాన్ని తోడు తెచ్చుకున్నాడు. అత్తగారు వండటానికి తెచ్చిన బంగారుతీగ చేపను రోజుల తరబడి స్నానాల తొట్టిలో ఈదనిస్తుంటే, ఆ చేప ముఖం చూడలేక ఇంటికి వెళ్లడానికే వెనకాడుతున్నానని కిండర్‌మన్ డయర్‌తో మొరపెట్టుకునే ఘట్టం సినిమాలోనూ ఉంది. కారస్ వర్ధంతి రోజున ఇద్దరూ కలిసి పాత సినిమాకు వెళతారు. అవతలివాడు దిగులు పడకుండా తోడు వెళ్తున్నానని ఇద్దరిలో ప్రతివాడూ చెప్పుకుంటాడు. సినిమాలో వారు చూసేది ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’, జీవితం అద్భుతమని చెప్పే 1946 నాటి చిత్రం. డయర్ హత్య జరిగిన గది గోడ మీద అదే పేరు ఆ గురువు రక్తంతో, ఒక అక్షరం ఎక్కువగా, రాసి ఉంటుంది. దేహంలోని మిగిలిన రక్తమంతా పడక పక్కన చిన్న పాత్రల్లో, ఒక్క చుక్క కింద పడకుండా, వరుసగా పేర్చి ఉంటుంది. స్నేహితులిద్దరి హాస్యాన్ని అంతసేపు విన్న ప్రేక్షకుడికి ఆ వరుస చూసినప్పుడు కలిగేది ఉలికిపాటు కంటే లోతైన దుఃఖం. ఈ ఘట్టాన్ని నిర్మించిన తీరులో బ్లాటీ శక్తి పూర్తిగా కనిపిస్తుంది.

నవలను తెరకెక్కించే ప్రయత్నంలో జాన్ కార్పెంటర్ పేరు కూడా కొంతకాలం పరిశీలనలో ఉండి, చివరికి మోర్గన్ క్రీక్ సంస్థ నిర్మాణంలో దర్శకత్వ బాధ్యత బ్లాటీకే దక్కింది. అంతకుముందు ఆయన దర్శకత్వం వహించినది 1980 నాటి ‘ది నైన్త్ కాన్ఫిగరేషన్’ ఒక్కటే. లీ జె. కాబ్ 1976లోనే మరణించినందున కిండర్‌మన్‌గా జార్జ్ సి. స్కాట్, డయర్‌గా ఎడ్ ఫ్లాండర్స్ వచ్చారు. వార్డులోని రోగిగా మొదట బ్రాడ్ డూరిఫ్ ఒక్కడే నటించాడు. ఆ మొదటి ప్రతిలో ఉచ్చాటన లేదు. కిండర్‌మన్ రోగి గదిలోకి వెళ్లి తుపాకీతో కాల్చడంతో కథ ఆగిపోయేది. చిత్రం పేరు ‘లీజియన్’గా ఉండాలన్నది బ్లాటీ కోరిక. ఎక్సార్సిస్ట్ అనే మాట లేకపోతే టికెట్లు తెగవన్నది నిర్మాతల లెక్క.

ఇక్కడ అమెరికన్ చిత్ర పరిశ్రమకు పాత అలవాటైన ప్రివ్యూ పద్ధతి గురించి చెప్పవలసి ఉంది. విడుదలకు ముందు పూర్తికాని ప్రతిని ఎంపిక చేసిన జనానికి చూపి, వారి స్పందనను కార్డుల మీద రాయించుకుని, దాన్ని బట్టి చిత్రాన్ని సరిదిద్దడం మూకీల కాలం నుంచే ఉంది. హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ 1920లలో ఈ పద్ధతిని విరివిగా వాడాడు. 1987లో ‘ఫేటల్ అట్రాక్షన్’ చిత్రం ముగింపును ప్రివ్యూ ప్రేక్షకులు ఇష్టపడకపోవడంతో కొత్త ముగింపు తీసి విడుదల చేయగా ఆ చిత్రం పెద్ద విజయం సాధించింది. దాంతో ముగింపు విషయంలో దర్శకుడికంటే జనానికే బాగా తెలుసన్న నమ్మకం స్టూడియోల్లో గట్టిపడింది. బ్లాటీ చిత్రం పూర్తయ్యాక నిర్మాతలు లేవనెత్తిన ఆక్షేపణ కూడా ఊహించిన ప్రేక్షకుడి పేరు మీదే వచ్చింది: పేరులో ఎక్సార్సిస్ట్ అని పెట్టి, లోపల ఎక్సార్సిజం లేకపోతే జనం ఒప్పుకోరు. ఆ తర్కంలో తప్పు పట్టడం కష్టం. తప్పు అంతకుముందే, పేరు మార్చిన చోటే జరిగింది. నవల చేయని వాగ్దానాన్ని పేరు చేసింది, ఆ వాగ్దానం తీర్చడానికి కథను వంచవలసి వచ్చింది.

సుమారు 40 లక్షల డాలర్ల అదనపు ఖర్చుతో, తెలుగు పరిశ్రమలో ప్యాచ్ వర్క్ అని పిలిచే మలివిడత చిత్రీకరణ జరిగింది. వేరొకరి చేతికి అప్పగించడం కంటే తానే చేయడం మేలని బ్లాటీ ఒప్పుకున్నాడు. నికోల్ విలియమ్సన్ నటించిన ఫాదర్ మార్నింగ్ అనే పాత్ర కొత్తగా పుట్టింది. మధ్యలో ఒక చిన్న సన్నివేశంలో గదిలో ఒంటరిగా కనిపించి, కథలోని మరెవరితోనూ పరిచయం లేకుండానే, క్లైమాక్స్ సమయానికి ప్రార్థనా గ్రంథంతో నేరుగా వార్డులోకి నడిచివస్తాడు. మొదటి చిత్రంలో కారస్‌గా నటించిన జేసన్ మిల్లర్‌ను కూడా వెనక్కి పిలిచారు. నటుడే కాక నాటక రచనకు 1973లో పులిట్జర్ పురస్కారం పొందిన మిల్లర్, అప్పటికి ఆరోగ్యం దెబ్బతిని, జెమినై చెప్పే పొడవైన సంభాషణలను కంఠస్థం చేయగల స్థితిలో లేడు. అందుకని రోగి గదిలో ముందు తీసినదంతా పక్కన పెట్టి, డూరిఫ్‌ను మళ్లీ రప్పించి, ఒకే గదిలో ఒకే రోగి ఒకసారి మిల్లర్ ముఖంతో, మరోసారి డూరిఫ్ ముఖంతో కనిపించేలా అమర్చారు. ఇబ్బందిలోంచి పుట్టిన ఈ ఏర్పాటు కథకు కలిసివచ్చిందనే చెప్పాలి: ఒక దేహంలో అనేకులు అన్న మాటకు ఇంతకంటే సూటి దృశ్యరూపం మొదటి ప్రతిలో లేదు. కానీ చివర్లో అతికించిన ఉచ్చాటన గురించి ఆ మాట అనలేము. నేల చీలి, మంటలు లేచి, పాములు పాకే ఆ పది నిమిషాల ఆర్భాటం, అంతవరకు మాటలతో, నిశ్శబ్దంతో నడిచిన చిత్రంతో కలవకుండా పైన తేలుతూ ఉంటుంది.

విడుదలైన వారాంతంలో చిత్రం సుమారు 93 లక్షల డాలర్లతో వసూళ్ల పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. మొత్తం మీద అమెరికాలో వచ్చినది దాదాపు 2 కోట్ల 60 లక్షల డాలర్లు. అంటే మూడో వంతుకు పైగా రాబడి మొదటి మూడు రోజుల్లోనే వచ్చింది. ఈ అంకెల అర్థం విప్పడం కష్టం కాదు. పేరు చూసి జనం వచ్చారు, చూసినవారి మాట విని మిగతావారు ఆగిపోయారు. అమ్మాయి ఏమైందని అడిగేవారికి ఇందులో అమ్మాయి లేదు; తల తిరిగే దృశ్యం కోసం వచ్చినవారికి ఇద్దరు వృద్ధ స్నేహితుల ఛలోక్తులు, గది మూలన బంధించిన మనిషి ఏకధాటి ప్రసంగాలు ఎదురయ్యాయి. నవల చదివి వచ్చిన కొద్దిమందికి వ్యతిరేక దిశలో నిరాశ: వారికి తెలిసిన కథలో లేని గురువు వచ్చి, వారికి తెలిసిన ముగింపును చెరిపేశాడు. ఆ విధంగా ఒకే చేర్పు, ఎవరి కోసం చేర్చారో వారిని మెప్పించలేక, అది లేకపోతే ఎవరు సంతోషించేవారో వారినీ దూరం చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో, మొదటి చిత్రంలో రీగన్‌గా నటించిన లిండా బ్లెయిర్‌తోనే ‘రిపొజెస్డ్’ అనే అనుకరణ హాస్యచిత్రం రావడం, ఆ పాత భయం అప్పటికి నవ్వుల సరుకుగా మారిందనడానికి గుర్తు. పురస్కారాల లోకంలో కూడా తీర్పు రెండుగా చీలింది: చెత్త నటనకిచ్చే గోల్డెన్ రాస్ప్‌బెర్రీకి స్కాట్ పేరు పరిశీలించగా, కాల్పనిక, భయానక చిత్రాలకిచ్చే శాటర్న్ పురస్కారం బ్లాటీ రచనకు దక్కింది.

ఇదే ఎడం ఎనిమిదేళ్ల తరువాత జపాన్‌లో మరింత సూటిగా కనబడింది. కోజి సుజుకి 1991లో రాసిన ‘రింగు’ నవల, దాని కొనసాగింపుగా 1995లో వచ్చిన ‘రాసెన్’ నవల, రెండూ సినిమాలుగా 1998 జనవరి 31న ఒకే రోజున, ఒకే టికెట్ మీద చూసే జోడీగా విడుదలయ్యాయి. మొదటిదానికి హిడియో నకాటా, రెండోదానికి జోజి ఈడా దర్శకులు. నకాటా చిత్రంలో జనం గుండె ఆగినంత పని చేసిన దృశ్యం, జుట్టు ముఖం మీద కప్పుకున్న సడాకో అనే దయ్యం టీవీ తెరలోంచి గదిలోకి పాకి రావడం. ఆ దృశ్యం నవలలో లేదు. రెండో చిత్రం మాత్రం నవలను అనుసరించి, సడాకో శాపాన్ని వైరస్‌గా, జన్యుసంకేతంగా వివరిస్తూ శవపరీక్ష చేసే వైద్యుడి వెంట నడిచింది. రచయిత దృష్టిలో అదే సహజమైన కొనసాగింపు. అప్పుడే టీవీలోంచి పాకివచ్చిన సడాకోను చూసి వణికిన జనానికి అది ఆసుపత్రి నివేదిక. ‘రాసెన్’ను ప్రేక్షకులు ఎంత పూర్తిగా పక్కకు నెట్టారంటే, ఏడాది తిరక్కుండానే, 1999 జనవరిలో, నకాటాతోనే ‘రింగు 2’ తీయించి, నవలాధారమైన సీక్వెల్ అసలు లేనట్టే కథ నడిపారు.

స్టీఫెన్ కింగ్ విషయంలో ఎడం ఇంకా వెడల్పు. 1977 నాటి ‘ది షైనింగ్’ నవల చివర బాయిలర్ పేలి, కథ జరిగే ఓవర్‌లుక్ హోటల్ బూడిదవుతుంది. 1980లో స్టాన్లీ కూబ్రిక్ తీసిన చిత్రంలో హోటల్ చెక్కుచెదరకుండా నిలుస్తుంది. కింగ్ తన నవలను కొనసాగిస్తూ 2013లో ‘డాక్టర్ స్లీప్’ రాసినప్పుడు ఆ కథలో హోటల్ ఉండే అవకాశమే లేదు. 2019లో దాన్ని తెరకెక్కించిన మైక్ ఫ్లానగన్ రెండు వర్గాలకూ లెక్క అప్పజెప్పడానికి పూనుకున్నాడు: కూబ్రిక్ హోటల్‌ను అంగుళం అంగుళం మళ్లీ నిర్మించి క్లైమాక్స్‌ను అందులోకి తెచ్చాడు, చివర్లో మొదటి నవల పద్ధతిలో దానికి నిప్పు పెట్టించాడు. మొదటి చిత్రాన్ని బహిరంగంగా తప్పుపట్టిన కింగ్ ఈ చిత్రాన్ని మెచ్చుకున్నాడు. చూసినవారిలో ఆదరణ ఉన్నా, థియేటర్ వసూళ్లు మాత్రం ఆశించినంత రాలేదు.

తెలుగు పాఠకులకు ఇటువంటి రెండో కథ అనుభవం సినిమా కంటే ముందు వారపత్రికల ద్వారా కలిగింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’, దాని కొనసాగింపు ‘తులసి’ చదివిన తరానికి చేతబడి, కాష్మోరా అనే మాటలు ఇంటి మాటలైపోయాయి. 1986లో ‘కాష్మోరా’ పేరుతోనే సినిమా వచ్చింది. అక్కడ మొదటి భాగాన్ని వారం వారం ఎదురుచూసి చదివినవారే రెండో భాగానికీ పాఠకులు. మధ్యలో మరొకరు తీసిన చిత్రం అడ్డు రాలేదు కనుక, రచయిత మనసులోని కథ, చదువరి మనసులోని కథ ఒకటిగానే ఉన్నాయి. బ్లాటీకి దక్కనిది ఈ అనుకూలమే.

‘ది ఎక్సార్సిస్ట్ 3’పై అభిప్రాయం మారడం వీడియో టేపులతో మొదలైంది. ఇంట్లో చూసేవారిపై థియేటర్ పోస్టరు చేసిన వాగ్దానం బరువు అంతగా ఉండదు. రెండుసార్లు, మూడుసార్లు చూసే వీలుండటం వల్ల సంభాషణలకు చెవి అలవాటుపడుతుంది. ఆసుపత్రి వరండా దృశ్యం గురించిన మాట అలాగే నోటి నుంచి నోటికి పాకింది. రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్న నర్సును కెమెరా వరండా ఈ చివర నుంచి, కదలకుండా, నిమిషాల తరబడి చూస్తూ ఉంటుంది. ఆమె ఏదో చప్పుడు విని ఒక గదిలోకి వెళుతుంది. గ్లాసులో మంచు ముక్క పగిలిన శబ్దమని తేలేలోపు పడక మీది రోగి లేచి అరుస్తాడు, ప్రేక్షకుడు ఉలిక్కిపడి, ఇంతేనా అని ఊపిరి వదులుతాడు. ఆమె మళ్లీ తన బల్ల దగ్గరికి వస్తుంది, కాపలావాడు వచ్చి వెళతాడు, ఎదుటి గది తలుపు తీసి చూసి మూసి తాళం వేసి ఆమె వెనుదిరుగుతుంది. ఆ క్షణంలో తెల్ల ముసుగు కప్పుకున్న ఆకారం, చేతిలో పెద్ద కత్తెరతో, ఆమె వెనకే గది దాటి వస్తుంది. కెమెరా ఒక్కసారిగా దూసుకెళుతుంది, మరుక్షణం తెరమీద తల లేని విగ్రహం. రక్తం కనిపించదు, హత్య కనిపించదు. మంచు శబ్దంతో ముందే ఒకసారి ఊపిరి వదిలించడం వల్లే రెండోసారి ఊపిరి ఆగుతుంది. 1990లో మాటల సినిమా అని పెదవి విరిచిన చిత్రమే, తరువాతి తరం చూపులో, అమెరికన్ భయానక సినిమాలో అత్యుత్తమ ఉలికిపాటు ఉన్న చిత్రంగా పేరు తెచ్చుకుంది.

ఈ కొత్త ఆదరణతో పాటే, ఉచ్చాటన లేని మొదటి ప్రతి ఎలా ఉండేదో చూడాలన్న కోరిక బలపడింది. తొలగించిన భాగాల అసలు నెగెటివ్ దొరకలేదు. చివరికి స్క్రీమ్ ఫ్యాక్టరీ సంస్థ 2016 అక్టోబరులో విడుదల చేసిన బ్లూ-రేలో, ఏ రోజుకారోజు తీసినదాన్ని పరిశీలన కోసం వీహెచ్ఎస్ టేపులకు ఎక్కించిన రషెస్ నుంచి ఆ భాగాలు ఏరి, మిగిలిన చిత్రంతో కలిపి, ‘లీజియన్’ పేరుతోనే దర్శకుడి ప్రతిని కూర్చారు. అందులో ఫాదర్ మార్నింగ్ లేడు, మిల్లర్ ముఖం లేదు. కారస్ ఫొటో చూపవలసిన చోట కూడా డూరిఫ్ ఫొటోయే ఉంటుంది. బ్లాటీ ఈ ప్రతి వెలువడిన మూడు నెలలలోపే, 2017 జనవరి 12న మరణించాడు. డిస్కు చూసేవారికి సినిమా స్పష్టమైన రంగులతో నడుస్తూ నడుస్తూ, తిరిగి చేర్చిన చోటికి రాగానే మసకబారి, టేపు గీతలతో వణుకుతుంది. ఆ వార్డు గదిలో డూరిఫ్ ఒక్కడే కూర్చుని మాట్లాడే పొడవైన ఘట్టాల్లో చాలా భాగం ఈ మసక వెలుతురులోనే ఉంది, కిండర్‌మన్ తలుపు తీసి తుపాకీ ఎత్తడం కూడా.